బొగ్గుపట్నంలో ఆటగాడు: 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' – సింగరేణి నేపథ్యం నుంచి ఒక పరిశీలన

రాక్‌స్టార్ గేమ్స్ సంస్థ 2018 అక్టోబరు 26న విడుదల చేసిన 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' నేరకథను ఆధారం చేసుకున్న ఓపెన్‌వరల్డ్ క్రీడ. నిర్ణీతమైన దారిలోనే నడవక, ఆటగాడు తన ఇష్టప్రకారం ఊళ్లు, అడవులు, కొండలు తిరుగుతూ కథను ముందుకు తీసుకుపోగలగడం ఈ తరహా క్రీడల లక్షణం. ఇదే సంస్థ రూపొందించిన 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో: వైస్ సిటీ' (2002)ని ఒక తరం తెలుగు యువకులు ఇంటర్నెట్ సెంటర్లలో గంటల లెక్కన అద్దె కట్టి ఆడారు. ఆ ఆటలోని కార్ల దొంగ స్థానంలో ఇక్కడ 1899 నాటి అమెరికాలో, పోలీసులకు దొరకకుండా తిరిగే దోపిడీముఠా సభ్యుడు ఆర్థర్ మోర్గాన్ ఉంటాడు. సినిమాకు లభించిన విమర్శ గౌరవం వీడియోక్రీడకు తెలుగులో ఇంకా లభించలేదు. అయితే కథ, పాత్ర, స్థలం, శ్రమ అనే నాలుగింటినీ కలిపి చదవవలసిన రచనగా ఈ క్రీడ నిలబడుతుంది. అందులోని ఒక ఊరిని గోదావరిఖని వైపు నుంచి చూసినప్పుడు ఈ మాట మరింత స్పష్టమవుతుంది.

ఆ ఊరి పేరు ఆన్స్‌బర్గ్. ఇది కల్పిత ప్రదేశం. నదిఒడ్డున ఒదిగిన బొగ్గుపట్నం. జేమ్‌సన్ అనే కుటుంబానికి చెందిన గని కంపెనీ ఆ ఊరికి ప్రాణం, యజమాని కూడా. మసిపట్టిన ఇళ్లు, పొగ, రైలుపట్టాలు, నల్లబడిన ముఖాలతో పనికి పోయి వచ్చే మనుషులు. ఊరిలోకి గుర్రంపై వచ్చే ఆటగాడికి ముందు కనిపించేవి ఇవే. కథాకాలం 1899 అని గుర్తు పెట్టుకుంటే మరో పోలిక తోస్తుంది. విలియం కింగ్ ఇల్లందు పరిసరాల్లో బొగ్గును కనుగొన్నది 1871లో. హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది 1886లో. అంటే కల్పితమైన ఆ ఊరూ, నిజాం రాజ్యంలోని తొలి బొగ్గుబాయిలూ ఒకే కాలానికి చెందినవి. ఈ పోలికకు హద్దులున్నాయి. సింగరేణి నేడు రాష్ట్ర ప్రభుత్వం 51 శాతం, కేంద్రం 49 శాతం వాటా గల సంస్థ. సంఘాలు, ఒప్పందాలు, క్వార్టర్లు, ఆసుపత్రులు గల వ్యవస్థ. ఆన్స్‌బర్గ్‌లో ఒక కుటుంబపు ఆస్తి మాత్రమే ఉంది. అయినా బాయి చుట్టూ ఊరు అల్లుకునే తీరు రెండుచోట్లా ఒకటే.

ఇక్కడ ఆటగాడికి ఏ పనులు అనుమతించబడ్డాయో చూడాలి. విడిదిలో ఆర్థర్ కట్టెలు కొట్టగలడు, బస్తాలు మోయగలడు. ఉపసంహార భాగంలో జాన్ మార్‌స్టన్ ఆవు పాలు పితుకుతాడు, పేడ ఎత్తుతాడు, తన ఇంటికి మేకులు కొడతాడు. ఆ పనులన్నీ ఆటగాడి చేతుల్లోని మీటల ద్వారా జరుగుతాయి. కాబట్టి శ్రమను ఆటలోకి తేవడం ఈ సంస్థకు చేతకాని విషయం కాదు. కానీ బాయి పనికి మాత్రం ఆ అవకాశం లేదు. షిఫ్టుకు మస్టర్ వేయించుకుని, టోపీదీపం వెలిగించుకుని, లోపలికి దిగే పని ఆటగాడికి దొరకదు. అతను తుపాకీ కొనుక్కోవచ్చు, రైలు దోచుకోవచ్చు. బొగ్గు తవ్వలేడు. వ్యవసాయం, గుడిసె కట్టడం స్వేచ్ఛగల వ్యక్తి జీవితంగా ఆటలో భాగమయ్యాయి. కంపెనీ కింద కూలి పని నేపథ్యదృశ్యంగా మిగిలిపోయింది.

ఆ నేపథ్యంలోంచి ఒక్క కార్మికుడే ముందుకు వస్తాడు. అతని పేరు ఆర్చీ డౌన్స్. అప్పులిచ్చే స్ట్రాస్ తరఫున బాకీలు వసూలు చేయడం ముఠాలో ఆర్థర్‌కు అప్పగించిన పని. ఆ క్రమంలో రోగంతో దగ్గుతున్న థామస్ డౌన్స్ అనే బీదరైతును అతను కొడతాడు. కొంతకాలానికి ఆ రైతు చనిపోతాడు. భార్య ఎడిత్, కొడుకు ఆర్చీ వీధిన పడతారు. తర్వాత ఆర్థర్ వాళ్లను ఆన్స్‌బర్గ్‌లోనే చూస్తాడు. తల్లి ఒళ్లమ్ముకుంటూ, కొడుకు బాయి పని చేస్తూ కనిపిస్తారు. థామస్ నుంచి సోకిన క్షయ అప్పటికి ఆర్థర్ ఊపిరితిత్తుల్లో ఉంది. క్రీడ మొత్తంలో అతి గాఢమైన ఘట్టాల్లో ఇదొకటి.

దీన్ని సింగరేణి ప్రాంతపు ఆటగాడు ఎలా అందుకుంటాడు? ఈ ప్రశ్న వద్ద పఠనం మారిపోతుంది. తండ్రి చావు కొడుకును బాయిలోకి తెచ్చిన కథ ఆ నేలపై కొత్తది కాదు. కానీ అక్కడ దాని పేరు కారుణ్య నియామకం. తండ్రి చనిపోయినా, మెడికల్ అన్‌ఫిట్ అయినా, బిడ్డకు ఉద్యోగం దక్కడం ఒక హక్కు. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో న్యాయస్థానం కొట్టివేసినప్పుడు బొగ్గుబెల్టు అంతటా చెలరేగిన ఆందోళన, అదే ఏడాది గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఆ అంశానికి దక్కిన ప్రాధాన్యం ఆ హక్కు విలువను చెబుతాయి. రూఫ్ పడుతుందన్న భయం తెలిసి కూడా కుటుంబాలు కోరుకునే పని అది. రాక్‌స్టార్ రచయితలకు బాయి పతనానికి చివరి మెట్టు. రైతుకొడుకు ఇంతకన్న దిగజారలేడని చెప్పడానికే వారు ఆర్చీని అక్కడ నిలబెట్టారు. గోదావరిఖని యువకునికి అది ఇంటికి జీతం వచ్చే దారి కూడా. ఒకే దృశ్యం రెండుచోట్ల రెండు విధాలుగా పలుకుతుంది. క్రీడకు ఆ రెండో పలుకుబడి తెలియదు.

ఊపిరితిత్తుల విషయంలో ఈ లోపం మరింత స్పష్టం. ఆర్థర్ క్షయకు కథలో కారణం ఉంది: అతను చేసిన హింస. రోగం పాపానికి ఫలితంగా, పశ్చాత్తాపానికి అవకాశంగా మారుతుంది. గని ధూళి వల్ల వచ్చే న్యూమోకోనియోసిస్‌కు అటువంటి నీతికథ లేదు. తాను ఎవరినీ కొట్టని కోల్‌కట్టర్‌కు, ఫిల్లర్‌కు అది వస్తుంది. అది చట్టం గుర్తించిన వృత్తివ్యాధి. బొగ్గుధూళిలో ఊరంతా మునిగిన చోట క్రీడ ఒక దొంగ దగ్గును మాత్రమే చెవిపెట్టి వింటుంది. రచయితల ప్రతిభను కాదనలేం. ఆర్థర్ క్షీణించే క్రమాన్ని ఆటగాడు తన శరీరానికే జరుగుతున్నట్టు అనుభవించేలా చేయడం ఈ మాధ్యమానికే సాధ్యం. ఆ ప్రతిభే ప్రక్కనున్న శరీరాలను కనపడనీయకుండా చేసింది.

డౌన్స్ ఉదంతం ఐచ్ఛిక ఘట్టం కావడం కూడా గమనార్హం. ఆటగాడు ఆ వైపు పోకుండానే కథ పూర్తి చేయవచ్చు. పోయినవారికి ఆర్థర్ డబ్బిచ్చి తల్లీకొడుకులను ఆ ఊరి నుంచి పంపించే అవకాశం దొరుకుతుంది. ఆ దయకు తగినట్టు క్రీడలోని గౌరవసూచిక పెరుగుతుంది. సమ్మెలో నిలబడే ఘట్టం, కూలి పెంచమని అడిగే బృందంతో నడిచే ఘట్టం ఆటగాడికి లేవు. 1981లో 56 రోజులు సమ్మె చేసిన బొగ్గుబెల్టు నుంచి చూసేవారికి ఈ వెలితి చిన్నదిగా తోచదు.

తెలుగు సినిమా 'దసరా' (2023) ఇక్కడ గుర్తుకు రావడం సహజం. గోదావరిఖని పరిసరాల్లోని ఊరి కథగా వచ్చిన ఆ చిత్రంలో నాయకుడు గూడ్సు బండ్ల నుంచి బొగ్గు దొంగిలిస్తాడు. ఆ దొంగతనంలో బొగ్గు రోజువారీ బతుకుకు ముడిపడిన వస్తువు. ఆన్స్‌బర్గ్ మీదుగా పోయే రైలును దోచే ఆటగాడికి అందేది నగదు, నగలు. బొగ్గుపై ఎవరికీ ఆశ లేదు.

క్రీడ తయారీ వెనుక ఉన్న శ్రమపై కూడా 2018లో చర్చ జరిగింది. సంస్థ సహవ్యవస్థాపకుడు డాన్ హౌసర్ వారానికి వంద గంటల పని గురించి ఒక ముఖాముఖిలో అన్న మాట వివాదమైంది. అది కొద్దిమంది రచయితలకే పరిమితమని ఆయన తర్వాత వివరణ ఇచ్చుకున్నాడు. బెంగళూరులోని రాక్‌స్టార్ శాఖ కూడా ఈ క్రీడ తయారీలో పాలుపంచుకుంది. ఆన్స్‌బర్గ్ ఇళ్లకు మసిపూసిన చేతులెవరివో ఆటగాడికి తెలియదు. ముగింపులో వేలపేర్ల జాబితా తెరపై కదులుతున్నప్పుడు చాలామంది దాన్ని దాటవేస్తారు.