ద్వైతవనమృగస్వప్నము: ధర్మవిమర్శ

మహాభారతారణ్యపర్వమున ఘోషయాత్రకుఁ దరువాత మృగస్వప్నమను చిన్నకథ యొకటి కలదు. ద్వైతవనమున వసించు ధర్మరాజునకు ఒకనాఁటి రాత్రి కలలో మృగములు కానవచ్చెను. అవి వడఁకుచు, కన్నీటితో గొంతు పూడఁగా చేతులు మోడ్చి నిలిచినవి. శూరులగు అతని తమ్ములు తమ కులములను కొలఁదిచేసిరనియు, చావఁగా మిగిలిన తాము విత్తనములవలె నున్నారమనియు, తమ జాతి మరల వృద్ధిపొందునట్లు నివాసము మార్చుకొమ్మనియు వేఁడుకొన్నవి. తెల్లవాఱినపిదప ధర్మజుఁడు తమ్ములకు ఆ కలఁ జెప్పి, వారితోఁ గామ్యకవనమునకుఁ దరలిపోయెను. కథ యింతియే. దీనిని ధర్మజుని దయాళుత్వమునకు ఒక నిదర్శనముగ మాత్రమే గ్రహించుట కలదు. అట్టి గ్రహణము చాలదు.

మృగములు కోరినదేమో మొదట విచారింపవలెను. అవి యెవ్వరి ప్రాణమును ప్రత్యేకముగ భిక్ష యడుగలేదు. వేఁటను సర్వథా మానుమనియు నడుగలేదు. బీజము నశింపకుండుటయు, తమ తావు తమకు మిగులుటయు మాత్రమే కోరినవి. ఆదిపర్వమందలి కిందమముని కథతోఁ బోల్చినచో ఈ భేదము స్పష్టమగును. మృగరూపమున నున్న యా మునిని పాండురాజు బాణముతోఁ గొట్టెను. మృగమును జంపినందులకుఁ గాక, సంగమసమయమున వేచియుండక కొట్టినందులకు ముని యాతని నిందించి శపించెను. అచ్చట విషయము ఒక ప్రాణియొక్క బాధ. ఇచ్చట ఒక జాతియొక్క నిలుకడ. తండ్రి శాపము పొందిన పిదపఁ దెలిసికొన్నదానిని కుమారుఁడు ప్రార్థన వినఁగనే తెలిసికొనెను.

ఇచ్చట నొక యాక్షేపము పుట్టును. కామ్యకము మృగసమృద్ధమని ధర్మజుఁడే చెప్పెను గదా. ఒకచోట మానిన వేఁటను వేఱొకచోట సాగించుట యహింస యెట్లగును? ఈ యాక్షేపము న్యాయమైనదే. దీనిని గప్పిపుచ్చి ధర్మజుని పరమాహింసావ్రతునిగఁ జేయుట కథకుఁ జేటు. కవి యా మాటను ధర్మజుని నోటనే పలికించి, యతని ధర్మముయొక్క యెల్లను చూపెను. ఈ కథలోని ధర్మము హింసాత్యాగము గాదు, మితము. భుజించువాఁడు భోజ్యముయొక్క మూలమును ద్రుంపరాదనుటయే దాని సారము.

ఆ మితమునకు విపరీతమైన చిత్రము ఖాండవదహనము. అగ్నికి ఆహారముగ నొక యడవి యంతయు నీయఁబడెను. బయటికిఁ బాఱు ప్రాణులను కృష్ణార్జునులు అంచులఁ గాచి నిలువరించిరి. బ్రదికినవారు ఆర్వురే: తక్షకపుత్రుఁడగు అశ్వసేనుఁడు, మయుఁడు, నాలుగు శార్ఙ్గకపక్షులు. ఆ మయుఁడు కట్టిన సభలోనే దుర్యోధనునకు అవమానమును అసూయయుఁ గలిగెను. దానినుండి ద్యూతము, ద్యూతమునుండి వనవాసము. అడవిని గాల్చినవారు తుదకు అడవినే శరణు చొచ్చిరి. ఈ సంబంధమును కవి నోరారఁ జెప్పలేదు, కథాక్రమమే చెప్పుచున్నది.

ఉద్యోగపర్వమున మూఁడవ సాక్ష్యము కలదు. పులి లేని యడవి నఱకఁబడుననియు, అడవి లేని పులి చంపఁబడుననియు, కావున నవి యొకదాని నొకటి కాచుననియు నచ్చటి భావము. కౌరవులను వనముగను, పాండవులను వ్యాఘ్రములుగను జెప్పిన రాజనీతి యిది. ఉపమానమాత్రమునుండి వనధర్మమును దీయరాదని కొంద ఱనవచ్చును. కాని ఉపమానము లోకప్రసిద్ధమైననే ఉపమేయము తెలియును. పులియడవుల పరస్పరరక్షణము శ్రోతలకు ముందే తెలిసినది గానిచో ఆ నీతి వారి కెక్కియుండదు.

తెలుఁగు భారతమున ఖాండవదహనము నన్నయ పాలికిని, ఉద్యోగపర్వము తిక్కన పాలికిని, ఘోషయాత్రానంతరకథ యెఱ్ఱన పాలికిని వచ్చినవి. ఈ మూఁటిని గలిపి చదువుట తెలుఁగు పాఠకునకు ముగ్గురు కవులను గలిపి చదువుట యగును.

ఈ విచారము గ్రంథమాత్రపర్యవసితము గాదు. భారతదేశమున 1972లో వన్యప్రాణిసంరక్షణచట్టము పుట్టెను. 1973లో పులుల రక్షణకై ప్రాజెక్టు టైగరు ఆరంభమయ్యెను. నల్లమలలోఁ గృష్ణకు ఇరువైపుల నున్న పులుల యభయారణ్యము 2014 రాష్ట్రవిభజనముతో తెలంగాణమున అమ్రాబాదుగను, ఆంధ్రప్రదేశమున నాగార్జునసాగర శ్రీశైలముగను రెండయ్యెను. ఆ యడవిలోఁ దరతరములుగఁ జెంచులు నివసించుచున్నారు. మృగరక్షణకై మనుష్యులు తొలఁగవలె ననుటకు ద్వైతవనకథను బ్రమాణముగఁ జూపఁగోరువారు ఒకటి గమనింపవలెను. కథలోఁ దొలఁగినవాఁడు ఆ యడవిలోఁ బుట్టినవాఁడు గాఁడు. నగరమునుండి వచ్చి, తనవారి వేఁటచే మృగములు తఱుగుటకుఁ గారణమైనవాఁడు. అతని నెవ్వరును వెడలఁగొట్టలేదు. తన వలనఁ గలిగిన నష్టము నెఱిఁగి తానే లేచిపోయెను. కావున ఈ కథ మొదట ప్రశ్నించునది అడవినుండి యెక్కువ గొనిపోవువానినే కాని, అందే పుట్టి పెరిగినవానిని గాదు. అడవిబిడ్డల హక్కును 2006 నాఁటి అటవీహక్కుల చట్టము గుర్తించినది. ద్వైతవనకథ దానికి విరోధి గాదు.

మృగములకు రాజసభలో మాట లేదు. కావుననే అవి కలలోనికి రావలసి వచ్చెను. మేలుకొన్న పిదపఁ గూడ ఆ మాటను మఱువకుండుటయే ధర్మజుని గొప్పతనము.