పల్నాటి వీరారాధనము – హైందవ మూలవిశ్వాసములు

హైందవమతమునకు మూలవిశ్వాసము లేవి యని ప్రశ్నించినచో కర్మము, పునర్జన్మము, ధర్మము, అవతారము, మోక్షము అని పేర్కొనుట పాఠ్యగ్రంథముల పరిపాటి. వీని నిర్వచనములను ఉపనిషత్తులయందును, గీతయందును వెదకుట సమంజసమే. కాని యవి యొక సీమలోని జనుల జీవితమున నే రూపమును దాల్చినవో తెలియుటకు నిర్వచనములు చాలవు. పల్నాటి వీరగాథను, కారెంపూడి వీరారాధనమును జతపఱచి పరిశీలించినచో నీ విషయము స్పష్టపడును.

12వ శతాబ్దినాటి పల్నాటియుద్ధమును వైష్ణవ శైవముల సంఘర్షణముగా వ్యాఖ్యానించుట విమర్శకులలో నలవాటైనది. ఇది కొంతవఱకే సత్యము. వీరుల గుడి యున్న కారెంపూడిలోనే చెన్నకేశవుడును, అంకాలమ్మయు పూజ లందుచున్నారు. ఆరాధకుల దృష్టిలో వీరికి వైరము లేదు.

బ్రహ్మనాయుడు విష్ణ్వంశసంభూతుడని గాయకుల విశ్వాసము. అట్టివాడును యుద్ధమును వారింపలేకపోయెను. పుత్రుడైన బాలచంద్రుని కోలుపోయెను. అవతారపురుషుడును కర్మఫలమునకు లోబడినవాడే యని యీ గాథ చెప్పుచున్నది.

ఈ కర్మసిద్ధాంతము ఉత్సవక్రమమున మఱింత విశదమగును. కార్తికామావాస్య మొదలు ఐదుదినములు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను ఘట్టములు జరుగును. కథలో కోడిపోరు ముందు. దాని ఫలము ఏడేండ్ల ప్రవాసము. అటుపిమ్మట అలరాజు రాయబారము. ఉత్సవమున నీ క్రమము మాఱి కోడిపోరు తుదిరణమైన కల్లిపాటికి ముందుదినమున నిలిచినది. ఇది కథాక్రమమును మఱచుటచే గలిగినది కాదని మా తలంపు. పందెమను కర్మమును, సర్వనాశమను ఫలమును ప్రక్కప్రక్కన నిలిపి చూపుటయే యిందలి స్వారస్యము.

ముక్తివిషయమున నీ సంప్రదాయము రెండు మార్గములు చూపుచున్నది. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలమున తపమునకు జొచ్చెనని ప్రతీతి, అది నివృత్తి. రణమున బడిన వీరులు మాత్రము లోకమును విడువక, ఏటేట కొణతముల రూపమున నాగులేట స్నానమాడి పూజ లందుచున్నారు. శాస్త్రము మోక్షమును పునరావృత్తిరహితమన్నది. పల్నాటి జనులు తమవారి పునరాగమనమునే కోరుచున్నారు.

ఇక ధర్మము. మాలకులజుడైన కన్నమదాసును పుత్రసమానునిగా జేకొని, బ్రహ్మనాయుడు చాపకూడు నడపెనని ప్రసిద్ధి. నేడును మందపోరునాడు చాపకూడు జరుగుచున్నది. ఆత్మ యందఱియందు నొక్కటియే యను సిద్ధాంతమున కింతకంటె ప్రత్యక్షవ్యాఖ్య అరుదు. అయినను ఒకనాటి సహపంక్తి తక్కినదినముల యాచారమును మార్పకున్నచో, అది ధర్మమునకు స్మారకమగునేగాని ధర్మాచరణము గాజాలదు.

1911లో అక్కిరాజు ఉమాకాంతము ప్రకటించిన శ్రీనాథుని ద్విపద బాలచంద్రయుద్ధమునకు పరిమితము. తక్కిన గాథను తరతరములుగా గంఠస్థముగా నిలిపినవారు వీరవిద్యావంతులు. వారి పాఠముపై 1982లో జీన్ రోఘైర్ ఆంగ్లమున గ్రంథము వెలువరించెను. వీరవిద్యావంతులను కేవలము గాయకులుగా గాక వ్యాఖ్యాతలుగా గణించిననాడే హైందవవిశ్వాసములను గూర్చిన మన పరిశోధనము సమగ్రమగును.