సారంగధరుడు రేడియో ఎక్కాలి

ధర్మవరం అంటే అందరికీ పట్టుచీర గుర్తొస్తుంది, నాటకం గుర్తురాదు. 'ఆంధ్ర నాటక పితామహుడు' అనిపించుకున్న రామకృష్ణమాచార్యులు (1853–1912) ఇంటిపేరే ధర్మవరం. పగలు బళ్ళారిలో వకీలు, రాత్రి సరస వినోదిని సభలో నాటకకర్త, నటుడు. ఆ సభ 1891లో మద్రాసు వెళ్ళి ఆడింది. చదువుకున్న పెద్దమనుషులు ముఖానికి రంగేసుకోవడం చూసి తమిళ నాటకకర్త పమ్మల్ సంబంధ ముదలియార్ అదే ఏడు అక్కడ సుగుణ విలాస సభ పెట్టాడు. తమిళ నాటక చరిత్రలో బళ్ళారి ప్రస్తావన ఉంది. మనకే ఆ పేరు మరుపున పడింది.

ఆయన నాటకాల్లో నేను ముందు పెట్టేది 'విషాద సారంగధర'. కథ తెలిసిందే. రాజరాజ నరేంద్రుడి కొడుకు సారంగధరుడు. సవతి తల్లి చిత్రాంగి అతన్ని కోరింది, అతను కాదన్నాడు, ఆమె నింద వేసింది, తండ్రి కాళ్ళూ చేతులూ నరికించాడు. పాత కావ్యాల్లో సిద్ధుడొచ్చి అవయవాలు తిరిగిస్తాడు, అంతా శుభం. ఆచార్యులు ఆ ఓదార్పు లేకుండా శోకంలోనే తెర దించాడు. మంగళాంతం తప్పనిసరి అనుకునే రోజుల్లో అది చిన్న తెగింపు కాదు. తెలుగులో తొలి విషాదాంత నాటకం ఇదేనంటారు.

ఇలాంటి నాటకానికి ప్రాణం పద్యం. పాటకు తబలా కాపలా ఉంటుంది, పద్యానికి తాళం లేదు. నటుడి ఊపిరి ఎంతో పద్యం నడక అంత. హార్మోనియం వెనకే రావాలి, ముందు నడవకూడదు. తెలిసిన నటుడు మొదటి పాదాన్ని దాదాపు మాటలాగే అంటాడు, భావం చెవిన పడ్డాక చివరి పాదంలో రాగం విప్పుతాడు. తెలియనివాడు మాటను మధ్యలో విరిచి, దొరికిన అచ్చునల్లా సాగదీసి, 'ఒన్స్ మోర్' కోసం జనం వైపు చూస్తాడు.

ఛందస్సు కూడా కంటికోసం పుట్టింది కాదు. మత్తేభం తీసుకోండి. పాదానికి 20 అక్షరాలు, పాదం మొదటి అక్షరానికి 14వ అక్షరం మైత్రి కుదరాలి. తెలుగు యతి అంటే ఆగడం కాదు, ధ్వనులు ఒకదాన్నొకటి పలకరించుకోవడం. దానికి తోడు నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. సీసంలో నాలుగు పొడుగు పాదాలు వాదాన్ని పేర్చుకుంటూ పోతాయి, కింద వచ్చే తేటగీతో ఆటవెలదో దాన్ని మలుపు తిప్పుతుంది. నటుడు మోహనలోనో కల్యాణిలోనో గొంతు ఎత్తేది ఎక్కువగా ఆ గీతి దగ్గరే. కళ్ళు మూసుకుని వినేవాడికి ఇవన్నీ ఇంకా బాగా తెలుస్తాయి.

ఇక్కడే ఒక ఇంటి తగాదా ఉంది. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ ఆచార్యులకు మేనల్లుడు. మామ నాటకానికి పాటలూ పద్యాలూ పోగు చేస్తే, అల్లుడు రాగాలాపన తగ్గించి సహజ నటనకు పెద్దపీట వేశాడు. వేదిక మీద అల్లుడిదే న్యాయం. కన్నూ కనుబొమ్మా చేసే పనిని రాగం ఎందుకు మింగాలి? కానీ రేడియోలో ముఖమే లేదు, గొంతే సర్వం. కనుక మామ పద్యం కావాలి. అలాగని అయిదు నిమిషాల ఆలాపన మొదలైతే శ్రోత మీట తిప్పేస్తాడు, కనుక అల్లుడి అదుపూ కావాలి. ఇద్దరూ రాజీపడగల చోటు రేడియో ఒక్కటే అనిపిస్తుంది నాకు.

ఈ నాటకాల నిర్లక్ష్యానికి సినిమా ఒక్కటే కారణం కాదు. 1882 దాకా అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. కన్నడ దేశంలో ఉన్న తెలుగు రంగస్థలం అక్కడివాళ్ళకు పరాయిది, కోస్తా వాళ్ళకు దూరం. ఊళ్ళలో కురుక్షేత్రం, హరిశ్చంద్ర బతికాయంటే తిరునాళ్ళ పుణ్యం. వరస కరువుల్లో వేషం కట్టే కుర్రాళ్ళు బెంగుళూరు బస్సెక్కితే రాత్రంతా ఆడేదెవరు? అయినా ఈ అనంతపురం నేలకు పద్యం కొత్త కాదు. వానలు ముఖం చాటేస్తే విరాటపర్వం చదివించిన జనం వీళ్ళు.

తమ విషాద నాటకాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. జార్జియా చిన్న దేశం. స్వరకర్త పాలియాష్విలి 1919లో తెచ్చిన 'అబెసలోమ్, ఎతెరి' వాళ్ళకు జాతీయ సంగీత నాటకం. అందులోనూ యువరాజు చావే ముగింపు. బయటి దేశాల్లో అరుదుగానే ఆడతారు. అయినా రాజధాని త్బిలిసీలోని పెద్ద ఒపేరా భవనానికి ఆ స్వరకర్త పేరే పెట్టుకున్నారు.

మనం భవనం దాకా పోనక్కర్లేదు. అనంతపురంలో ఆకాశవాణి ఉంది, 1963లో మొదలైన కడప కేంద్రం ఉంది. వారానికో అరగంట చాలు. రంగానికి ముందు సందర్భం రెండు మాటల్లో చెప్పండి. కఠిన పదాలుంటే పద్యానికి ముందే విప్పండి, మధ్యలో మాత్రం వ్యాఖ్యానం పెట్టొద్దు. హార్మోనియం మేస్త్రీలను, ఊళ్ళలో వేషం కట్టి వయసు మళ్ళిన నటులను స్టూడియోకి పిలవండి. వాళ్ళ గొంతులు పనిచేస్తుండగానే 'విషాద సారంగధర' రికార్డు చేయండి. శ్రోతలుగా మనం చేయాల్సింది ఒకటుంది: ఆ నాటకం కావాలని ఆకాశవాణికి ఉత్తరం రాయడం.