అవకాశసమత్వము – ఫలసమత్వము: ఒక విమర్శ

రాజనీతిచింతనమున సమత్వమును రెండు విధములుగ విభజించుట పరిపాటి. అందఱకును ఒకే ద్వారము తెఱచి యుంచుట అవకాశసమత్వము. అందఱును ఒకే స్థితికి చేరునట్లు చూచుట ఫలసమత్వము. మొదటిది న్యాయమనియు, రెండవది ప్రతిభకు ద్రోహమనియు పలువురు వాదింతురు. ఈ విభజన ఎంతవఱకు నిలుచునో కోవిల్‌పట్టి, విరుదునగర ప్రాంతముల అనుభవముతో పరిశీలింపవచ్చును.

ఆంగ్ల తత్త్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ 1962లో ఒక కల్పితసమాజమును ఉదాహరించెను. అందు యోధపదవులు పూర్వము కొన్ని ధనికకుటుంబములకే దక్కెడివి. పిమ్మట పోటీపరీక్ష పెట్టి అందఱకును ప్రవేశము కల్పించిరి. అయినను గెలిచినవారు దాదాపుగ ధనికుల బిడ్డలే. తక్కినవారు తిండి చాలక దుర్బలులై యుండిరి. నియమము మాఱెను గాని అవకాశము కలుగలేదు.

విరుదునగరమున 1903లో జన్మించిన కామరాజ్ బాల్యముననే బడి విడిచి, 1954లో మదరాసు ముఖ్యమంత్రి యయ్యెను. తన ఉన్నతియే అవకాశసమత్వమునకు సాక్ష్యమని ఆయన యూరకుండలేదు. కోవిల్‌పట్టికి చేరువనున్న ఎట్టయపురమున 1956లో బడిపిల్లల మధ్యాహ్నభోజనమునకు ప్రారంభోత్సవము చేసెను. ఆకలిగొన్న బిడ్డకు అన్నము పెట్టుట ఫలమును పంచుట గాదు. చదువుకొను అవకాశమును నిజము చేయుట.

మఱియొక నిదర్శనము మనవారిలోనే కలదు. ఈ ప్రాంతపు అరుంధతీయులలో పెక్కుమంది ఇంట మాటలాడునది తెలుగే. తమిళనాట షెడ్యూల్డు కులములకు 18 శాతము స్థానములు కేటాయింపబడినవి. ద్వారమందఱకు ఒకటే, కాని అందు అరుంధతీయులకు తగిన పాలు దక్కలేదని జస్టిస్ జనార్దనం సంఘము 2008లో నివేదించెను. 2009 చట్టము ఆ 18లో 3 శాతమును వారికి ప్రత్యేకించెను. ఆంధ్రప్రదేశపు వర్గీకరణచట్టమును 2004లో కొట్టివేసిన సర్వోన్నత న్యాయస్థానమే, 2024లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనముతో ఉపవర్గీకరణము రాజ్యాంగసమ్మతమని నిర్ణయించెను.

దీనివలన తేలునదేమి? ఫలము గమ్యము గాదు, పరీక్ష. ఇరువురు వ్యక్తుల నడుమ భేదమునకు అభిరుచియు, శ్రమయు కారణములు కావచ్చును. ఒక సముదాయమంతయు తరతరములుగ వెనుకబడినచో కారణము ద్వారముకడనే వెదుకవలెను.

అల్పసంఖ్యాకులమని మాతృభాషావిద్యకై ప్రభుత్వమును అర్థించు మన సంఘములకును ఈ పరీక్ష వర్తించును. మన విద్యార్థివేతనములు, వసతిగృహములు, సభ్యత్వపట్టికలు పరిశీలింతము. అందు అరుంధతీయుల యిండ్ల పిల్లల పేర్లు లేకున్నచో, మన ద్వారము తెఱచియున్నదని మనము చెప్పుకొనజాలము.