శివారుకు చేరని కబురు: నమూనా విమాన సంఘాలపై ఒక విమర్శ

2024 అక్టోబరు 22వ తేదీ రాత్రి విజయవాడ పున్నమి ఘాటు వద్ద 5,500 డ్రోన్లు ఒక్కసారిగా లేచి, కృష్ణానది మీద వెలుగు చుక్కలతో బొమ్మలు గీశాయి. అమరావతి డ్రోన్ సదస్సు సందర్భంగా జరిగిన ఆ ప్రదర్శనకు అయిదు గిన్నిస్ రికార్డులు లభించాయి. డ్రోన్లతో కూర్చిన అతిపెద్ద విమానం బొమ్మ ఆ అయిదింటిలో ఒకటి. వేడుకగా చూస్తే అది మెచ్చదగినదే. కాని దానిని చూసి ఇంటికి వెళ్ళిన విద్యార్థి ఏమి నేర్చుకొన్నాడని అడగవలసి ఉన్నది. ఆ వెలుగుల విమానానికి రెక్కలు ఉన్నాయి. అయితే అది ఎగిరినది రెక్కల బలంతో కాదు. దానిలోని ప్రతి చుక్కా తన పంఖాలతో గాలిని క్రిందికి త్రోసి నిలిచిన ఒక చిన్న యంత్రం.

ఇటువంటి ప్రదర్శనలో ఆజ్ఞ అంతా ఒక్కచోటనే ఉంటుంది. ఏ డ్రోను ఏ క్షణాన ఎక్కడ ఉండవలెనో ముందుగానే లెక్కకట్టి దానికి అందిస్తారు. ఉపగ్రహ సంకేతాలతో అది తన స్థానాన్ని తెలుసుకొంటుంది. నేలమీది కేంద్రం అన్నిటినీ కనిపెట్టి ఉంటుంది. సాధారణంగా ప్రక్కనున్న డ్రోనుతో దానికి మాట ఉండదు, అవసరమూ లేదు. యంత్రాలకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. మనుష్యుల సంఘాలను కూడ ఇదే తీరున నడపవచ్చుననుకొంటేనే పొరపాటు మొదలవుతుంది.

నమూనా విమానం బొమ్మ కాదు, చేతిలో పట్టే ప్రయోగశాల. గరిమనాభి కొంచెం వెనుకకు జరిగితే విమానం ముక్కు పైకెత్తి, వేగం కోల్పోయి కూలుతుంది. రెక్క ఒక ప్రక్క మెలితిరిగితే గిరికీలు కొడుతుంది. ఈ సంగతులు పుస్తకంలో చదివినప్పటికంటె, తాను చేసిన రెక్క విరిగినప్పుడే విద్యార్థికి బాగా తెలుస్తాయి. అయితే ఒక్కొక్క బడి, ఒక్కొక్క కళాశాల మళ్ళీ మొదటి నుండి రెక్కలు విరుగగొట్టుకొంటూనే ఉంటే జ్ఞానం పెరగదు. కళాశాలలోని బృందం నాలుగేళ్ళలో చెదరిపోతుంది. బడిలో ఉత్సాహవంతుడైన ఉపాధ్యాయునికి బదిలీ అయితే బీరువాకు తాళం పడుతుంది. ఇటువంటి బృందాలకు కొరవడినది ఉత్సాహం కాదు, తెలిసినదానిని రెండవ చోటికి చేరవేసే ఏర్పాటు.

ఒకప్పుడు ఈ ఏర్పాటును రేడియో తానే బలవంతంగా కల్పించింది. పాత రేడియో నియంత్రణ పరికరాలు కొద్దిపాటి ఛానెళ్ళ మీద పనిచేసేవి. ఇందుకు అమెరికాలో 72 మెగాహెర్ట్జ్, బ్రిటన్‌లో 35 మెగాహెర్ట్జ్ పట్టీ వాడుకలో ఉండేవి. ఒకే ఛానెలు మీద ఇద్దరు ట్రాన్స్‌మిటర్లు తెరిస్తే గాలిలోని విమానం అదుపు తప్పి నేల కూలేది. అందువల్ల మైదానంలో ఒక పలక పెట్టి, ఛానెలుకొక క్లిప్పు తగిలించేవారు. క్లిప్పు చేతిలో ఉన్నవాడే ట్రాన్స్‌మిటరు తెరవవలె. కొత్తవాడు వచ్చినా ముందు పదిమందితో మాట్లాడక తప్పేది కాదు. 2000 దశాబ్దం నడుమ నుండి 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు వ్యాపించాయి. ప్రతి ట్రాన్స్‌మిటరూ తన రిసీవరుతో జతకట్టి, ఇతరుల సంకేతాలతో చిక్కు లేకుండా నడుస్తుంది. ప్రమాదం తగ్గింది. దానితోపాటే ప్రక్కవానితో మాట్లాడవలసిన అగత్యమూ పోయింది. పరికరం చేసిన మేలును కాదనలేము గాని, క్లిప్పుల పలక చేసిన రెండవ పనిని ఎవరు చేస్తారో సంఘాలు ఆలోచించలేదు.

కృష్ణా డెల్టాలో ఈ లోటు మరీ ఎక్కువ. ఇక్కడి అనుభవం విదేశీ పుస్తకాలలో దొరకదు. వరి కోతకు ముందే చేలలో మినుము చల్లుతారు కనుక, కోసిన చేను ఖాళీ చేను కాదు. మినుము తీసేసరికి పరీక్షలు వస్తాయి. పరీక్షలు ముగిసిన తరువాత కాలువలకు నీరు వదిలేవరకు ఉన్న ఎండకాలపు ఉదయాలే ఎగురవేయడానికి అనువైన రోజులు. సముద్రతీరాన మధ్యాహ్నమే తగిలే సముద్రపు గాలి లోపలి ఊళ్ళకు సాయంకాలానికి గాని చేరదు. ఎండిన నేల మీద వేడిగాలి పైకి లేస్తుంది. ప్రక్కనే చేపల చెరువు ఉంటే దాని మీద అంత లేవదు. గాలిలోని తేమకు పలుచని చెక్క, కాగితం మెలితిరుగుతాయి. కైకలూరు ప్రక్క చెరువుగట్టు మీద ఒక విద్యార్థి తెలుసుకొన్నది గుడివాడ విద్యార్థికి పనికివస్తుంది. కాని అది అతనికి చేరే దారి ఏది? కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర తేలికైనది. బాల్సాకు బదులుగా అది విమానంలో ఏ భాగానికి సరిపోతుంది, దేనికి సరిపోదు? ఒక బడి తూచి, వంచి, విరిచి చూసి ఫలితం వ్రాసిపెడితే పది బళ్ళకు శ్రమ తప్పుతుంది.

ఇతర దేశాలు ఈ చిక్కును ఎట్లా విప్పుకొన్నాయో చూడవచ్చు. బ్రిటన్‌లో నమూనా విమాన సంఘం 1922లో ఏర్పడింది. 1936లో ఏర్పడిన అమెరికా సంఘం దేశాన్ని పదకొండు ప్రాంతాలుగా విభజించింది. ప్రతి ప్రాంతానికి సభ్యులు ఎన్నుకొన్న ఉపాధ్యక్షుడు ఉంటాడు. అతడు క్లబ్బులను దర్శించి, అక్కడి విశేషాలను సంఘ పత్రికలో వ్రాయడం చిరకాలంగా వచ్చిన ఆచారం. ఈ పద్ధతిలోని గుణం ఏమంటే, నాయకుడు అంటే కబురు మోసేవాడని అది గుర్తించింది. లోపమూ లేకపోలేదు. ఒక్కొక్క ప్రాంతంలో అనేక రాష్ట్రాలు ఇమిడి ఉన్నప్పుడు, దూరపు చిన్న క్లబ్బుకు ఉపాధ్యక్షుడు పత్రికలోని ఛాయాచిత్రంగానే మిగిలిపోయే ప్రమాదం ఉన్నది.

మన దేశంలో ఎన్.సి.సి. వాయు విభాగం 1950లో ఆరంభమైంది. నమూనా విమానాల శిక్షణకు అది గట్టి ఆధారం. ఏటా జరిగే అఖిల భారత వాయుసైనిక శిబిరంలో ఈ విద్యకు పోటీలు కూడ ఉన్నాయి. అయితే పోటీ అనేది నిచ్చెన వంటిది. కళాశాల నుండి దళానికి, దళం నుండి డైరెక్టరేటుకు, అక్కడినుండి శిబిరానికి ప్రతిభ పైకి ఎక్కుతుంది. పతకంతో తిరిగివచ్చిన కేడెట్ తాను నేర్చినది పొరుగు బడి పిల్లలకు చెప్పవలెనన్న విధి ఆ నిచ్చెనలో లేదు. ఓడిపోయిన విమానం ఎందుకు ఓడిందో ఎక్కడా నమోదు కాదు. శాస్త్రానికి కావలసినది తరచు ఆ రెండవ సంగతే.

అమెరికా వరకు పోనక్కరలేకుండ, ఈ పనికి తగిన దారి విజయవాడలోనే ఒకప్పుడు వేశారు. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు ఈ ఊరిలోనే సమావేశమై ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఊరూరా ఉన్న చిన్న గ్రంథాలయాలు ఎవరి ఆజ్ఞకో లోబడినవి కావు. వాటిని కలిపినవి ఏటేటా సభలు, ఒక పత్రిక, ఊళ్ళు తిరిగే కార్యకర్తలు. 1935లో పాతూరి నాగభూషణం డెల్టా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాలేనప్పుడు పుస్తకమే పాఠకుని దగ్గరకు వెళ్ళింది. నమూనా విమాన సంఘాలు నేర్వవలసిన నాయకత్వం ఇది.

చేతిలో ఫోను, అందులో వాట్సాపు ఉండగా ఈ ప్రయాస ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఫోనులో కబురు వేగంగా పోతుంది. అంతే వేగంగా మరుగునా పడుతుంది. పైగా అందులో ఎగిరిన విమానం కనిపిస్తుంది గాని, కూలిన విమానం కనిపించడం అరుదు. వచ్చే సంవత్సరం చేరే విద్యార్థికి నిరుటి సంభాషణ దొరకదు. కావలసినది నెలకొక తెలుగు పుట. ఏ బడిలో ఏ విమానం చేశారు, బరువెంత, రెక్క పొడవెంత, గాలి ఎట్లా ఉన్నది, ఏమి విరిగింది, ఎందుకు విరిగింది అన్న ఆరు ప్రశ్నలకు జవాబులు దానిలో ఉంటే చాలు. ఆ పుట బడి గోడకు అంటించి, ఒక ప్రతి బీరువాలో దాచవలె. దానిని కూర్చే బాధ్యత ఏటేటా ఒక ఊరి నుండి మరొక ఊరికి మారవలె. అప్పుడు ఒక ఉపాధ్యాయుడు బదిలీ అయినా పని ఆగదు.

భద్రత విషయంలో ఇది మరింత అవసరం. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాలు నమూనా విమానాలను ప్రత్యేకంగా నిర్వచించాయి. అవి 25 కిలోగ్రాముల లోపు ఉండవలె. చదువుకో, పరిశోధనకో, వినోదానికో మాత్రమే, కంటికి కనబడే దూరంలో, ముందే నిర్ణయించిన దారిలో తానుగా నడిపే సాధనం లేకుండా ఎగరవలె. విమానాశ్రయం సరిహద్దు నుండి 8-12 కిలోమీటర్ల నడుమ ఉన్న హరిత మండలంలో ఎత్తు 200 అడుగులకు మించరాదు. గన్నవరం చుట్టుపట్ల బళ్ళకు ఇది తెలియకపోతే ఉత్సాహమే అపాయమవుతుంది. నియమం వెలువడినంత మాత్రాన చేరినట్లు కాదు.

డెల్టా రైతుకు ఈ తేడా బాగా తెలుసు. బ్యారేజీ దగ్గర నీరు నిండుగా ఉన్నంత మాత్రాన శివారు చేను తడవదు. ప్రధాన కాలువ నుండి పిల్ల కాలువకు, అక్కడినుండి పంట బోదెకు నీరు దిగవలె. గట్టు వెంట నడిచి చూసే లస్కరు ఉండవలె. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగినప్పుడు, నీళ్ళలో చిక్కిన వారికి డ్రోన్లతో ఆహారం, మంచినీరు అందించారు. బరువును, గాలిని, బ్యాటరీని అంచనా కట్టగల చేతులు డెల్టాలో ఎన్ని ఉంటే, అధికారుల పిలుపుకు అంతమంది సిద్ధంగా ఉంటారు. ఆ చేతులు బళ్ళలోనే తయారు కావలె. ఎవరు ఎక్కడ ఉన్నారో ఒకరికొకరికి తెలిసి ఉండవలె.

కనుక ప్రాంతీయ నాయకత్వం ఎట్లా ఉన్నదో తేల్చడానికి పున్నమి ఘాటు తగిన చోటు కాదు. కంకిపాడులో ఈ నెల విరిగిన రెక్క సంగతి వచ్చే నెల నాగాయలంక బడిలో తెలిసిందా అన్నదే పరీక్ష. తెలియకపోతే సంఘం పేరు, ముద్ర, అధ్యక్షుడు అన్నీ ఉన్నా కాలువ తవ్వి నీరు వదలనట్లే.