దారం కట్టిన బంతి

మా పెద్దమ్మది ముదిగొండ. ఇంటి వెనక మహా అయితే రెండు గుంటల జాగా. ఆ జాగాలోనే ఏడాది పొడుగునా దేవుడి పటానికీ ఆడపిల్లల జడకూ పువ్వు తక్కువ కాకుండా చూసింది. అంతటి తోటమాలిని నేను మళ్లీ చూడలేదు.

ఆమె లెక్కంతా కార్తెలతోనే. మృగశిరలో తొలివాన పడగానే బంతి నారు పోసేది. నెల తిరిగేసరికి పీకి మూరెడు ఎడంతో నాటేది. మొక్క ఏపుగా లేచి మొగ్గ తొడగబోతుంటే తల తుంచేసేది. చిన్నప్పుడు అది చూసి నాకు ఏడుపొచ్చేది. తుంచిన చోటు కింద కొమ్మలు చీలి, భాద్రపద అమావాస్యకు, ఎంగిలిపూల బతుకమ్మ నాటికి, ఆకు కనపడనంత పూత. సద్దుల దాకా తొమ్మిది రోజులూ కోసినా తరిగేది కాదు. పండుగ నుంచి వెనక్కి లెక్కగట్టి విత్తనం వేయడమంటే అదీ!

చామంతి పిలకల్ని మాత్రం ఎప్పుడూ దొడ్డి వెనకే నాటేది. వాకిట్లో వీధి దీపం వెలుగు పడుతుంది. చామంతికి పొద్దు కురచై రాత్రి పొడుగైతేనే మొగ్గ. రాత్రంతా వెలుగులో ఉంటే ఆకే తప్ప పువ్వు రాదు. "దాన్ని చీకట్ల పండుకోనియ్యి బిడ్డా" అనేది. వ్యవసాయ కళాశాలలో చెప్పే పాఠం ఆమె నోట ఒక్క ముక్కలో విన్నాను.

పుష్యమాసంలో మల్లెపొదకు నీళ్లు మాన్పించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించేది. తర్వాత పాదు తవ్వి, మాగిన పెంట వేసి నీళ్లు పెడితే ఉగాది నాటికి మొగ్గలు. చంద్రకాంత బావి పక్కన ఉండేది. సాయంత్రం నీళ్లు తోడే వేళకే అది విచ్చుకుంటుంది. పారిజాతం ఎవరి కాలూ తగలని మూలన. పొద్దుగూకే ముందు దాని కింద ఊడ్చి అలికి పెట్టేది. తెల్లారేసరికి నేలంతా తెల్లని రెక్కలు, కాషాయపు కాడలు. రాలిన పువ్వు పూజకు పనికొచ్చే చెట్టు అదొక్కటే కదా.

కనకాంబరం గింజ తీయడంలో ఆమె ఒడుపు చూసి తీరాలి. ఎండిన కంకుల్ని బేసిన్లో వేసి, నాలుగు నీటి చుక్కలు చిలకరించి, పాత చీర ముక్క కప్పేది. కాసేపటికి లోపల చిటపటలు. తడి తగిలితే కాయ పేలి గింజను దూరంగా విసురుతుంది. గుడ్డ తీస్తే గింజలన్నీ బేసిన్లోనే.

బంతి మెక్సికో నుంచీ చంద్రకాంత పెరూ నుంచీ వచ్చాయట, పోర్చుగీసు ఓడలెక్కి వచ్చాయని అంటారు. ఎక్కడివైతేనేం, మనవైపోయాయి. విల్లిపుత్తూరులో తోట పెంచి స్వామికి మాలలు కట్టిన విష్ణుచిత్తుడి కథను కృష్ణదేవరాయలంతటివాడు ఆముక్తమాల్యదగా రాశాడు. పూలు పెంచే చేతికి మనవాళ్లిచ్చిన పీట అది.

ఇప్పుడో! వాకిళ్లన్నీ సిమెంటు. గుమ్మాలకు ప్లాస్టిక్ బంతిమాలలు, దుమ్ము పట్టి ఏడాదంతా వేలాడుతుంటాయి. అవి చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. కలుపు మందులు కొట్టీ కొట్టీ చేల గట్ల మీద గునుగు కరువైంది. రాష్ట్ర పుష్పమని గౌరవించుకున్న తంగేడు కోసం గుట్టల దాకా పోవాల్సి వస్తోంది. 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసుకున్నాం, సంతోషమే. పేర్చే పువ్వు బజారులో కిలోల లెక్కన కొనుక్కుంటే అది మన బతుకమ్మ ఎలా అవుతుంది?

ఓ నర్సరీలో ముచ్చటపడి హైబ్రిడ్ బంతి మొక్కలు కొన్నాను. పూసినప్పుడు బాగానే ఉన్నాయి. గింజ దాచి మరుసటేడు వేస్తే తల్లి పోలిక ఒక్కదానికీ రాలేదు. ఏటేటా కొనాల్సిందే. నాటు ముద్దబంతి గింజ అలా మోసం చేయదు.

పెద్దమ్మ తోటలో బాగా పూసిన బంతి చెట్టును చూసి, దాని పెద్ద పువ్వు కాడకు ఎర్రదారం కట్టేది. సద్దుల నాడు పూలు ఎంత తక్కువైనా ఆ దారం ఉన్నదాన్ని ఎవరూ ముట్టకూడదు. అది చెట్టునే ఎండి నల్లబడ్డాక తుంచి, గుడ్డలో మూటగట్టి దూలానికి వేలాడదీసేది. ఈసారి పూలు కోసేటప్పుడు మీ పెరట్లోనూ ఒక్క కాడకు దారం కట్టండి. నాటు విత్తనం లేదంటారా, ఊళ్లో ముసలమ్మల నడగండి. ఏ దూలానికో ఇంకా ఓ మూట ఉండే ఉంటుంది.