కర్త లేని వార్తలు

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పంతుల్ని. మా మాదిగపల్లెలో మా ఇంటి మొదటి డిగ్రీ నాది. తొమ్మిదో తరగతికి కర్తరి, కర్మణి వాక్యాలు చెప్పేటప్పుడల్లా ఒక పేపరు ముక్క గుర్తొస్తుంది.

2002లో, నేను పదో తరగతిలో ఉండగా, కూలి బాకీ అడిగాడని మా చిన్నాయన్ని ఊళ్ళో పెద్ద కులపోళ్ళు నలుగురు చెరువుగట్టు మీద కర్రలతో కొట్టారు. మర్నాడు ఒక పెద్ద పత్రిక జిల్లా పేజీలో వచ్చింది: ‘ఇరువర్గాల ఘర్షణ, ఒకరికి గాయాలు’. అమ్మకి చదువు రాదు. నాచేత చదివించుకుంది.

"కొట్టినోళ్ళ పేర్లేయిరా?"

లేవన్నాను.

"మీ చిన్నాయన పేరన్నా ఉందా?"

అదీ లేదు.

"మరి ఇదెవరి కతరా?" అంది.

ఒకణ్ణి నలుగురు కొడితే రెండు వర్గాలు ఎక్కణ్ణించి వచ్చాయి?

‘రావణుడు రామునిచేత చంపబడెను’ అని పిల్లలకి చెబుతాం. కర్మణి వాక్యంలో కూడా ‘చేత’ అనే ఒక్క ముక్క ఉంటుంది, చంపినవాణ్ణి పట్టిస్తుంది. మన పత్రికల వాక్యంలో ఆ ‘చేత’ కూడా ఉండదు. దాడి జరుగుతుంది. ఇళ్ళు తగలబడతాయి. దళితులు హత్యకు గురవుతారు. గాలివాన వచ్చి పోయినట్టు! ఈమధ్య చచ్చినోడి కులం రాస్తున్నారు, అంతవరకు మేలే. చంపినోడి దగ్గరికి వచ్చేసరికి ‘కొందరు’ అయిపోతారు. అదే మనం రోడ్డెక్కి బస్సు ఆపితే కర్త ఠకీమని ప్రత్యక్షమవుతాడు.

చుండూరు సంగతి చూడండి. 1991 ఆగస్టు 6న రెడ్ల, తెలగల గుంపులు దళితుల్ని పొలాల్లో వేటాడి ఎనిమిది మందిని నరికి చంపాయి. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ కత చాలామంది సినిమా హాల్లో కాలు తగలడం దగ్గర మొదలెడతారు. తగిలింది, నిజమే. కాని చదువుకుని, రైల్వేలో ఉద్యోగాలు తెచ్చుకుని, ఆసామి ముందు చేతులు కట్టుకోవడం మానేసిన పల్లె మీద పగ ఒక్క కాలితో పుట్టిందా? చంపడానికి ముందు నడిచిన సాంఘిక బహిష్కరణ ఏమైంది? కాలు దగ్గర మొదలెడితే మొదటి తప్పు మనోడిదవుతుంది. 2007 జులై 31న, ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. తర్వాత సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది గాని, ఆ ఏప్రిల్లో మాత్రం ఎనిమిది మంది చచ్చారు, చంపినోళ్ళు లేరు.

మన దగ్గరే ఇట్లా అనుకోవద్దు. మహారాష్ట్ర ఖైర్లాంజీలో 2006 సెప్టెంబరు 29న తల్లినీ కూతుర్నీ ఇద్దరు కొడుకుల్నీ ఊరి గుంపు చంపితే, అది అక్రమ సంబంధం గొడవని మొదట రాశారు. పెద్ద పత్రికలు కళ్ళు తెరవడానికి నెల పైనే పట్టింది. అదీ దళితులు వీధుల్లోకి వచ్చాక.

మండల విలేకరిని తిట్టి ఊరుకుంటే లాభం లేదు. ఆ కుర్రాడికి జీతం లేదు. అచ్చయిన వార్తని కొలిచి నాలుగు రూపాయలిస్తారు. పండక్కీ నాయకుడి పుట్టినరోజుకీ యాడ్లు తేవాలి. రైసుమిల్లు ఆసామి ఇస్తాడా, మా పల్లె ఇస్తుందా? చిన్నాయన వార్తకి వచ్చినతను ఆసామి అరుగు మీద టీ తాగి, స్టేషన్లో చెప్పింది రాసుకుని పోయాడు. పల్లెలోకి రాలేదు. మరి ఆ రాతని దిద్దే డెస్కులో ఎవరున్నారు? 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ పాత్రికేయుడు ఢిల్లీలో గుర్తింపు ఉన్న విలేకరుల జాబితాలో వెతికితే ఒక్క దళితుడు దొరకలేదు. డెస్కులో మా అమ్మ అడిగిన ప్రశ్న అడిగేవాడు కావాలి.

ఇంతా చెప్పిన నేను పైన ‘పెద్ద కులపోళ్ళు నలుగురు’ అని రాశాను. పేరు రాయలేదు, కులం కూడా రాయలేదు. రెండుసార్లు రాసి కొట్టేశాను. ఆ నలుగురిలో ఒకాయన మనవడు నా క్లాసులో ముందు బెంచీలో కూర్చుంటాడు. మా చిన్నాయన ఇప్పటికీ వాళ్ళ చేలోకే కూలికి పోతున్నాడు.